ఇరువదినాలుగు బాణములు



నందిగామ ప్రాంతమునుండి యొక తల్లి వ్రాసిన జాబు ఈ నెల నా యెదుట నున్నది. ఆమె కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచు బడి కబడ్డీ జట్టులో ఆడుచుండెనట. ఈ యేడు జిల్లా పోటీలకు పండ్రెండుగురిని ఎన్నుకొన్నప్పుడు ఆ పిల్లకు చోటు దక్కలేదు. ఒకే బల్లమీద కూర్చుండి చదువుకొను స్నేహితురాలికి దక్కినది. ఆనాటినుండి యిద్దరికిని మాటలు లేవు. ఒకరి యింటిముందునుండి పోవలసివచ్చినచో మఱియొకరు చుట్టుదారి పట్టుచున్నారట. "ఆటలవలన పిల్లలకు స్నేహము, ఐకమత్యము అలవడునని పత్రికలలో వ్రాయుచుందురు. మా పిల్లకు ఉన్న స్నేహము కాస్త ఈ యాటతోనే పోయినది. దీనికి మీ రేమందురు?" అని యామె ప్రశ్న. "ఆడపిల్లకు ఆటలేమిటని నేను మొదటనే చెప్పలేదా" యని అత్తగారు ఒకప్రక్క సణుగుచున్నారని గూడ వ్రాసినది.

అత్తగారి మాటకు పిమ్మట వత్తము. తల్లి ప్రశ్న మాత్రము తేలికగా త్రోసివేయదగినది కాదు. జట్టు అనగానే మనము అక్కచెల్లెండ్రవంటివారని తలంచుచుందుము. కాని జట్టులో చోట్లు లెక్కకు లోబడి యుండును. పండ్రెండు చోట్లున్నచోట పదుమూడవ పిల్ల గీత వెలుపల నిలువవలసినదే. నేడు మన ప్రక్కన నిలిచి ఆడినయామె రేపటి యెన్నికలో మన చోటు తీసికొనవచ్చును. ఈ చిక్కును దాచిపెట్టి స్నేహమును పొగడిన వ్రాతలు ఎన్నియో కలవు. వానిని చదివిన పిల్లలు తమ మనస్సున అసూయ పుట్టినప్పుడు తామే చెడ్డవారమని తలపోసి లోలోపల క్రుంగుదురు.

కావున ఈ నెల ఆ చిక్కును పలుమారులు ఎదుర్కొన్న యొక క్రీడాకారిణి సంగతి చెప్పెదను. ఆమె దూరదేశపు స్త్రీ కాదు. నందిగామనుండి ఇంచుమించు ఏబది కిలోమీటర్ల దూరమున నున్న బెజవాడ యామె యూరు. పేరు వెన్నం జ్యోతిసురేఖ. 2022 లో జిల్లాలను విభజించినపుడు మన జగ్గయ్యపేట, నందిగామ, బెజవాడ మూడును ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గనుక, పాత లెక్కనైనను క్రొత్త లెక్కనైనను ఆమె మన పిల్లయే.

జ్యోతిసురేఖ 1996 జూలై 3 వ తేదీని జన్మించినది. తండ్రి సురేంద్రకుమారుగారు పశువైద్యులు. పూర్వము కబడ్డీ ఆడినవారు. ఆ పిల్లకు మొదట అలవడినది విల్లు కాదు, ఈత. అయిదేండ్లు నిండకమునుపే కృష్ణానదిని మూడుమారులు దాటి అయిదు కిలోమీటర్ల దూరము ఈదినది. అందులకు పట్టిన కాలము 3 గంటల 20 నిమిషముల 6 సెకండ్లు. ఆ సంగతి లిమ్కా రికార్డుల పుస్తకమున కెక్కినది. వేదాద్రి రేవున స్నానమునకు దిగి, మోకాటిలోతు దాటి పోవలదని పిల్లలను కేకలువేయు మా జగ్గయ్యపేట తల్లులకు ఈ మాట నమ్మశక్యము కాదు. అంత పసిపిల్లను అంతసేపు నదిలో నుంచుట మంచిదా యని నన్నడిగినచో నేను సరియని తల యూపజాలను. అయినను ఆ యింట ఆడపిల్ల దేహబలమును గూర్చి వెఱపు లేదను సంగతి దానివలన తెలియుచున్నది. బాల్యముననే యామె ఈతనుండి విలువిద్యకు మరలినది.

ఆడువారికి విల్లేమిటని నందిగామ అత్తగారు అడుగుదురేమో! నరకాసురునితో పోరునకు విల్లెక్కుపెట్టినది సత్యభామ గదా. ఏటేట దీపావళికి ఆ కథ చెప్పుకొని, మనుమరాలు విల్లు పట్టినచో అభ్యంతరపెట్టుట ఎట్లు?

బెజవాడలో ఈ విద్య నిలద్రొక్కుకొనుటకు తోడ్పడినవానిలో చెరుకూరి సత్యనారాయణగారి వోల్గా విలువిద్యాశాల యొకటి. ఆ యింటి సంగతి తలచినచో గుండె బరువెక్కును. ఆయన కుమారుడు లెనిన్ విలువిద్యలో అంతర్జాతీయ క్రీడాకారుడు, శిక్షకుడు. 2010 లో రోడ్డు ప్రమాదమున మరణించెను. అంతకుముందే ఒక కుమార్తె పోయినది. విద్యాశాల మూతపడలేదు. తరువాత పుట్టిన చిన్న కుమార్తె 2015 లో, మూడేండ్లు నిండకమునుపే, అయిదు మీటర్ల దూరమునుండియు ఏడు మీటర్ల దూరమునుండియు గుఱికి బాణములు వేసి లోకమును అబ్బురపఱచినది. ఒక యూరిలో ఒక విద్య నిలుచుటకు ఇట్టి పట్టుదలగలవారు ఒకరిద్దరుండుట చాలును.

ఇక ఆట పద్ధతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. అది తెలియనిది ఈ స్నేహపు సంగతి బోధపడదు.

నేటి పోటీలలో రెండు విధములైన విండ్లు వాడుదురు. ఒలింపిక్ క్రీడలలో ఇన్నాళ్లును చోటు పొందినది రికర్వ్ విల్లు. జ్యోతిసురేఖ పట్టినది కాంపౌండ్ విల్లు. దీని రెండు కొనలయందును చిన్న చక్రములుండును. నారి లాగునపుడు మొదట బరువంతయు చేతిమీదను భుజముమీదను పడును. చివరకు వచ్చుసరికి చక్రములు తిరిగి ఆ బరువులో చాలభాగము తామే మోయును. గిలకబావిలో నీరు తోడినవారికి చక్రము చేయు మేలు వేఱుగ చెప్పనక్కఱలేదు. నారిని వ్రేళ్లతో గాక చేతిలోనుండు ఒక చిన్న మీటతో విడుతురు. గుఱి చూచుటకు విల్లుమీద భూతద్దమును, విల్లు ప్రక్కకు ఒఱగినదో లేదో చూపుటకు ఒక నీటిబుడగయు నుండును. ఇన్ని సాధనములున్నవి గదా, సులభమే యని తలపరాదు. గుఱి 50 మీటర్ల దూరమున నుండును. పది పాయింట్లు వచ్చు నడిమి వలయము అడ్డుకొలత 8 సెంటీమీటర్లు, అనగా మన అఱచేతి వెడల్పు. ఈ విల్లు పట్టినవారందఱును పదులే వేయుదురు గనుక, ఒక్క తొమ్మిది పడినచో ఆట చేజారుట సామాన్యము.

జట్టు పోటీలో ముగ్గురుందురు. నాలుగు విడతలు, విడతకు ముగ్గురును తలకు రెండేసి, మొత్తము ఆఱు బాణములు వేయవలెను. అన్నియు కలిపి ఇరువదినాలుగు. అన్నియు పదులే పడినచో 240. ఒక్కొక్క విడతకు ముగ్గురికిని కలిపి యిచ్చు కాలము రెండే నిమిషములు. ఈ చివరి మాట చూడుడు. కాలము మనిషికింత యని పంచియివ్వరు. జట్టు మొత్తమునకు ఇత్తురు. మొదట నిలిచినయామె గాలి తగ్గునేమో యని తడవు చేసినచో, ఆమె వ్యర్థపుచ్చిన సెకండ్లు చివర నిలుచు స్నేహితురాలి వంతునుండి పోవును. వేయు గీతకు ఒక మీటరు వెనుక మఱియొక గీత యుండును. ముందు వేసినయామె దాని వెనుకకు చేరకమునుపు రెండవయామె దానిని దాటరాదు. దాటినచో న్యాయనిర్ణేత పసుపుపచ్చని చీటి ఎత్తి చూపును. కాబట్టి వేసినవెంటనే బాణము ఎక్కడ పడినదో చూచుకొనుచు నిలిచిపోవుటకు లేదు. పదియైనను ఎనిమిదియైనను వెంటనే ప్రక్కకు తప్పుకొనవలెను. ఒక్క పొయ్యిమీద ముగ్గురు తోడికోడండ్రు వంటచేసిన యిల్లు ఎఱిగినవారికి ఈ నియమములలోని సొగసు ఇట్టే పట్టుబడును.

జట్టు పోటీలో ముగ్గురును ఒకరితో నొకరు మాటలాడుకొనవచ్చును. వెనుక నిలిచిన యిద్దరును గాలి యెటు వీచుచున్నదో, బాణము ఏవైపునకు పడినదో చెప్పవచ్చును. గుఱి తప్పినయామె మనస్సు కుదుటపడునట్లు ఒక మాట యనవచ్చును. లేక అనకుండనే యుండవచ్చును. నియమము అనుమతి నిచ్చును గాని, అనవలసిన మాట ఏదో, ఊరకుండవలసిన వేళ ఏదో నేర్పదు.

జ్యోతిసురేఖ పతకముల చరిత్ర చూచినవారికి మొదట కనబడునది వేచియుండుట. 2014 లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో త్రిషా దేబ్, పూర్వశా శెండేలతో కలిసి జట్టు కాంస్యము గెలిచినది. నాలుగేండ్లకు, 2018 లో, జకార్తా క్రీడలలో జట్టు మాఱినది. ముస్కాన్ కిరార్, మధుమితా కుమారి ఆమె ప్రక్కన నిలిచిరి. తుదిపోటీలో కొరియా జట్టు 231, మనవారు 228. రజతము. 2019 లో నెదర్లాండ్సు దేశమున జరిగిన ప్రపంచ పోటీలలో ఒంటరిగా నొక కాంస్యము, జట్టుతో నొక కాంస్యము. 2021 లో అమెరికాలోని యాంక్టన్ అను ఊరిలో ప్రపంచ పోటీలు జరిగినవి. అక్కడ ఆమె ఒంటరి పోటీలోను, స్త్రీల జట్టు పోటీలోను, అభిషేక్ వర్మతో కలిసి ఆడిన మిశ్రమ జట్టు పోటీలోను, మూడింటను తుదివఱకు వెళ్లినది. మూడింటను కొలంబియా దేశస్థులే అడ్డుపడిరి. ఒంటరి పోటీలో సారా లోపెజ్ చేతిలో 146 కు 144. ఒక్క ప్రయాణమున మూడు రజతములు!

రజతము తెచ్చిన పిల్లను "బంగారము రాలేదా?" యని పలుకరించు చుట్టములు మనకు కొఱత లేరు. వారి మాట అటుంచుడు. ఏడేండ్లపాటు ప్రక్కన నిలుచువారు మాఱుచుండగా, ప్రతి క్రొత్త పిల్లతోను ఆ రెండు నిమిషముల పొదుపును మొదటినుండి అలవఱచుకొనుట ఎట్టిదో ఆలోచింపుడు. క్రొత్త కోడలు వచ్చిన ప్రతిసారియు వంటింటి పని మఱల పంచుకొనవలసియుండును గదా.

2022 లో అంతకంటె పెద్ద దెబ్బ తగిలినది. భారతజట్టు ఎన్నికలో ఆమెకు చోటు దక్కలేదు. ఆ యేడు చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరుగవలసిన ఆసియా క్రీడలకు పోవువారిలో ఆమె పేరు లేదు. నందిగామ సోదరి కుమార్తెకు పదునాలుగేండ్లుండవచ్చును. ఈమెకు అప్పటికి ఇరువదియైదేండ్లు. 2017 లో అర్జున పురస్కారము పొందినది. ప్రపంచ పోటీలలో ఎన్నో పతకములు మెడలో వేసికొన్నది. అట్టియామెను గూడ గీత వెలుపల నిలిపిరి. ఎన్నిక అనగా అదియే. నిన్నటి పతకములను అది లెక్కింపదు.

ఆమె విల్లు దింపలేదు. ఆ యేడే జూన్ నెలలో జట్టులోనికి తిరిగివచ్చి, ప్యారిస్ ప్రపంచకప్ పోటీలో అభిషేక్ వర్మతో కలిసి బంగారమును, ఒంటరిగా రజతమును గెలిచినది. ఇంతలో కరోనా వ్యాధి కారణమున ఆసియా క్రీడలు ఒక యేడు వాయిదాపడినవి. జట్టును మఱల ఎన్నుకొనిరి. ఈ మాఱు ఆమె పేరు వచ్చినది. దీనిని అదృష్టమందుమా? వాయిదాపడుట అదృష్టమే, కాదనను. కాని ఆ యేడాది విల్లు అటకమీద పెట్టియుండినచో ఆ వాయిదా ఆమెకు దేనికి పనికివచ్చును? 2023 ఏప్రిల్‌లో టర్కీలోని అంటాల్యా నగరమున 72 బాణములకు 720 గాను 713 పాయింట్లు తెచ్చుకొని, ఆనాటికున్న ప్రపంచ రికార్డునకు సమానముగా నిలిచినది.

ఇక 2023 ఆగస్టు నెల. జర్మనీలోని బెర్లిన్ నగరము. ప్రపంచ పోటీలు.

ఈసారి ఆమె ప్రక్కన నిలిచినవారు ఇద్దరును తనకంటె ఎనిమిది పదియేండ్లు చిన్నవారు. ఒకతె పంజాబు పిల్ల పర్ణీత్ కౌర్. రెండవది మహారాష్ట్రమున సతారా జిల్లా నుండి వచ్చిన అదితి గోపీచంద్ స్వామి, పదునేడేండ్లది. అదితి తండ్రి బడిలో గణితము చెప్పు ఉపాధ్యాయుడు. ఆమె విద్య నేర్చినది చెఱకుతోటనుండి వేఱుచేసిన మైదానములో. ఈ విండ్లు, బాణములు లక్షల వెల చేయును. ఆ తండ్రి కూతురి విల్లుకొఱకు అప్పులు చేసెను. చెఱకుతోటలో పెరిగిన పిల్లయు, కృష్ణలో నీదిన పిల్లయు, పంజాబు పిల్లయు ఒకే గీతవద్దకు చేరిరి. ముగ్గురి యిండ్లలో మాట్లాడు భాషలు మూడు.

సెమీఫైనల్‌లో ఎదురైనది కొలంబియా. రెండేండ్ల క్రిందట యాంక్టన్‌లో బంగారము తీసికొనిపోయిన దేశము. మనవారు 220, వారు 216. తుదిపోటీలో మెక్సికో. మనవారు 235, వారు 229. ఇరువదినాలుగు బాణములకు పోయినవి అయిదే పాయింట్లు. 1931 నుండి జరుగుచున్న ప్రపంచ విలువిద్యా పోటీలలో భారతదేశమునకు బంగారము వచ్చుట అదే మొదలు. పురుషులు తేలేని దానిని ముగ్గురాడువారు తెచ్చిరి.

ఇంతవఱకు పత్రికలన్నియు వ్రాసినవే. నాకు ముఖ్యముగా తోచునది మఱునాటి సంగతి.

మఱునాడు ఒంటరి పోటీలు. సెమీఫైనల్‌లో ఎదురెదురుగా నిలిచినవారు జ్యోతిసురేఖ, అదితి. నిన్న ఒకరి కాలమును ఒకరు కాపాడుకొన్నవారు నేడు ఒకరి పాయింటుకొఱకు ఒకరు కనిపెట్టుకొనియున్నారు. పదిహేను బాణముల ఆట. అదితి 149, జ్యోతిసురేఖ 145. పన్నెండేండ్లుగా గాదు గాని, దాదాపు పదియేండ్లుగా ఆమె వెదకుచున్న ప్రపంచ బంగారపు పతకము ఆ పదునేడేండ్ల పిల్లకు దక్కినది. అదితి తుదిపోటీలో మెక్సికో దేశపు ఆంద్రియా బెసెర్రాను 149 కు 147 గా గెలిచి ప్రపంచ విజేత యైనది.

ఆ వేళ జ్యోతిసురేఖ మనస్సున నేమి మెదలెనో నేను చెప్పజాలను. చెప్పుట భావ్యము కాదు. కాని ఓడిన తరువాత ఆమె మూడవ స్థానముకొఱకు టర్కీ దేశపు ఇపెక్ తోమ్రుక్‌తో ఆడవలసియుండెను. ఆ పోటీలో ఆమె వేసిన పదిహేను బాణములును పదిలోనే పడినవి. 150 కి 150. లోపల నున్నది దుఃఖమైనను అసూయయైనను, దానిని వ్రేలికొనవఱకు రానీయలేదు.

రెండు నెలలకు, అక్టోబరులో, హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు. నాలుగవ తేదీని ఓజస్ దేవతలేతో కలిసి కొరియావారిమీద 159 కి 158. ఐదవ తేదీని మఱల ఆ ముగ్గురే, జ్యోతిసురేఖ, అదితి, పర్ణీత్, చైనీస్ తైపే జట్టుమీద 230 కి 229. రెండు బంగారములును ఒక్కొక్క పాయింటు తేడాతో వచ్చినవే. ఆ యొక్క పాయింటు ఎవరి బాణమున వచ్చినదని చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. ఇరువదినాలుగింటిలో ఏ యొక్కటి జాఱినను పతకము నిలువదు. ఇక ఒంటరి పోటీ. సెమీఫైనల్‌లో ఎవరెదురైరనుకొందురు? మఱల అదితియే! ఈ మాఱు జ్యోతిసురేఖ 149, అదితి 146. ఏడవ తేదీ తుదిపోటీలో కొరియా దేశపు సో చెవాన్‌మీద 149 కి 145. ఆ క్రీడలలో ఆమె పోటీచేసిన మూడింటను బంగారమే. అదితి మూడవ స్థానమున నిలిచి కాంస్యము తీసికొన్నది.

బెర్లిన్‌లో చిన్నది గెలిచినది, హాంగ్‌ఝౌలో పెద్దది గెలిచినది, సరిపోయినదని లెక్క సరిచేయుట నా యుద్దేశము కాదు. ఈ రెండింటి నడుమ ఏమి జరిగినదో చూడుడు. బెర్లిన్‌లో ఓడించిన పిల్లతోనే హాంగ్‌ఝౌ జట్టులో నిలువవలసివచ్చినది. ఒక్కతె మనస్సు విఱిగియున్నను 230 కి 229 అనునది తాఱుమాఱగుటకు ఒక్క సెకను తడబాటు చాలును. స్నేహమనగా ఒకరిమీద నొకరికి పోటీ లేకుండుట యని మనము తలంచుచున్నాము. వారి ఆటలో పోటీయు ఉన్నది, స్నేహమును ఉన్నది. రెండింటికి వేఱువేఱు దినములు కేటాయించి, ఒకదానిని రెండవదాని దినములోనికి రానీయకుండుటయే వారు నేర్చిన విద్య. అది పుట్టుకతో వచ్చు సద్గుణమని నేను నమ్మను. నారి లాగుట యెట్లు అభ్యాసమున వచ్చునో అదియు అట్లే వచ్చును. పిల్లలు మొదటిసారి తప్పుదురు.

నందిగామ సోదరీ! మీ పిల్ల ఆ మొదటిసారి తప్పిన స్థితిలో నున్నది. కావున బలవంతముగా ఇద్దరి చేతులు కలిపి "స్నేహముగా నుండుడు" అని చెప్పకుడు. అసూయపడుట పాపమని మందలింపకుడు. ఆమెను మైదానమునకు పంపుడు, అంతియే. కబడ్డీ సాధనకు రెండవ పక్షము లేనిది ఆట లేదు. ఎన్నికైన పిల్లలకు ఎదురు నిలిచి పట్టువారు ఎవరు? ఎన్నిక కానివారే. మీ పిల్ల గట్టిగ పట్టుకొన్నచో ఆ స్నేహితురాలు విడిపించుకొనుట నేర్చును. ఆమె విడిపించుకొనిపోయినచో మీ పిల్ల తన పట్టులో లోపమెక్కడో తెలిసికొనును. మాటలు లేకున్నను ఈ పని జరుగును. మాటలు తరువాత వచ్చును. ఎవరు ముందు పలుకరించిరో ఇద్దరికిని జ్ఞాపకముండదు.

ఇంటివారు చేయవలసినదియు కొంత కలదు. ఆటకు పోవు ఆడపిల్ల సాయంకాలము తిరిగివచ్చి అంట్లు తోమి, నీళ్లు పట్టి, పిమ్మట చదువుకొనవలసియుండుటయు, అదే ఆటకు పోయిన మగపిల్లవాడు కాళ్లు చాపుకొని కూర్చుండుటయు నేను చాల యిండ్లలో చూచితిని. ఇది న్యాయము కాదు. అలసిన దేహమునకు నిద్రయు, ఒక గ్రుడ్డో, గ్లాసెడు పాలో, గుప్పెడు వేరుసెనగలో ఇద్దరికిని సమానముగ కావలెను. అత్తగారికి దయచేసి మీరు ఎదురుచెప్పకుడు. పిల్ల ఆడునాడు ఆమెను వెంటబెట్టుకొని పొండు. ముప్పది సెకండ్లు ఊపిరి బిగబట్టి కూతకూయుచు మనుమరాలు ఎదుటివారి గీతలోనికి దూకినప్పుడు ఆ నాయనమ్మగారు కూర్చుండియుందురో లేచి నిలుచుందురో నాకు వ్రాయుడు.

జ్యోతిసురేఖ కథ 2023 తో ఆగలేదు. గెలుపులే వచ్చినవని గూడ కాదు. 2025 లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్‌జూ ప్రపంచ పోటీలలో మన స్త్రీల జట్టు తొలిదశలలోనే ఇంటిదారి పట్టినది. రిషభ్ యాదవ్‌తో కలిసి మిశ్రమ పోటీలో రజతము మాత్రము వచ్చినది. ఆ యక్టోబరులో చైనాలోని నాంజింగ్ నగరమున ప్రపంచకప్ తుదిపోటీలలో ఇంగ్లాండు దేశపు ఎల్లా గిబ్సన్‌మీద మఱల 150 కి 150 వేసి కాంస్యము గెలిచినది. నవంబరులో ఢాకా నగరమున ఆసియా పోటీలు. ఈసారి ప్రక్కన నిలిచిన క్రొత్తవారు దీపశిఖ, ప్రీతికా ప్రదీప్. ముగ్గురును కలిసి కొరియామీద 236 కు 234 గా గెలిచిరి. ఆ పోటీలలోనే ఒంటరి తుదిపోటీలో జ్యోతిసురేఖకు ఎదురు నిలిచినది ప్రీతిక. 147, 145. ఇంతకాలమునకు ఆమెకు ఇది అలవాటైపోయి యుండవలెను.

ఇక చివరి సంగతి యొకటి. ఇన్నాళ్లును కాంపౌండ్ విల్లునకు ఒలింపిక్ క్రీడలలో చోటు లేకుండెను. ఎన్ని బంగారములు గెలిచినను ఆ ద్వారము మూసియేయుండెను. 2025 ఏప్రిల్‌లో ఒలింపిక్ సంఘమువారు ఆ ద్వారమును కొంచెము తెఱచిరి. 2028 లో లాస్ ఏంజెలెస్ నగరమున జరుపనున్న క్రీడలలో కాంపౌండ్ విల్లునకు ఒక పోటీ పెట్టిరి. అది స్త్రీల జట్టు పోటీ కాదు, ఒంటరి పోటీయు కాదు. మిశ్రమ జట్టు. జట్టునకు ఒక పురుషుడు, ఒక స్త్రీ.

అనగా అదితికిని, పర్ణీత్‌కును, ప్రీతికకును, దీపశిఖకును, జ్యోతిసురేఖకును కలిపి ఉన్నది ఒక్క చోటు. అంతవఱకు వారు జట్టు పోటీలలో ఒకే గీతవెనుక నిలిచి, రెండు నిమిషములను ముగ్గురికి పంచుకొని, గాలి యెటు వీచుచున్నదో ఒకరికొకరు చెప్పుకొనవలసియేయున్నది.